గోడవతల గురక

ఓబయ్య ఒకరి సొమ్ముకు ఆశపడిన మనిషి కాడు. పక్కింట్లో వరి అన్నం ఉడికినా, ఎదురింటివాడు కొత్త పంచె కట్టినా అతని కళ్ళు ఎప్పుడూ కుట్టలేదు. అటువంటివాడు ముప్పై ఆరేళ్ళు వచ్చాక ఒక్క విషయంలో మాత్రం కుళ్ళి కుళ్ళి చచ్చాడు. కుప్పయ్యకు పట్టే నిద్ర చూసి.

కుప్పయ్య పరాయివాడేమీ కాడు. పంతొమ్మిదేళ్ళుగా ఒకే బొంగు మోస్తున్న జతగాడు. ఇద్దరూ తిరుపతి కొండకు డోలీ మోసేవాళ్ళు. నడవలేని ముసలీ ముతకా, జబ్బు మనుషులూ బొంగుకు వేలాడే కుర్చీలో కూర్చుంటే, వీళ్ళు ముందొకరు వెనకొకరు భుజం పెట్టి మెట్లెక్కేవాళ్ళు. అలిపిరి దగ్గర డోలీవాళ్ళ ఇళ్ళు ఒక వరుసన ఉండేవి. ఆ వరుసలో ఓబయ్య, కుప్పయ్యలవి పక్కపక్క ఇళ్ళు, మధ్యన ఒకటే మట్టిగోడ. ఆ గోడ కూడా పైకప్పు దాకా లేదు, మూరెడు ఖాళీ వదిలి కట్టారు. ఇటు పోపు వేస్తే అటు తుమ్మేవాళ్ళు. కుప్పయ్య రాత్రి సంగటి తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలు తలకింద పెట్టుకున్నాడంటే చాలు, ఆ ఖాళీలోంచి గురక మొదలయ్యేది.

మొదట్లో ఆ గురక ఓబయ్యకు వినపడేదే కాదు. తానూ నిద్రపోతుంటే ఎదుటివాడి గురక ఎవరు విన్నారు?

ఓబయ్యది ఐరాల దగ్గర ఒక పల్లె. నాయన బెల్లం గానుగ దగ్గర కూలి. వరసగా రెండేళ్ళు వానల్లేక చెరకు ఎండిపోయి గానుగ ఆగిపోతే, పదిహేడేళ్ళ ఓబయ్య తిరుపతికి నడిచి వచ్చాడు. డోలీ మేస్త్రీ ఆదిమూలం అతన్ని పైనుంచి కిందికి చూసి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. "ఆడ నిలబడబ్బా" అని ఇంకొక మనిషి వీపుకు వీపు ఆనించి నిలబెట్టాడు. ఇద్దరి భుజాల మీదా అడ్డంగా ఒక పలక పెట్టి, పలక మీద నిండు నీళ్ళ చెంబు పెట్టాడు. చెంబు ఒరగలేదు, నీళ్ళు తొణకలేదు.

"జత కుదిరింది" అన్నాడు ఆదిమూలం. ఆ వీపు కుప్పయ్యది. మొహం చూడకముందే వీపు తగిలింది.

డోలీలో బొంగు ముందు కొస, అంటే ముందు కొమ్ము, పట్టినవాడికే దారి కనపడుతుంది. వెనకవాడికి కుర్చీలో ఉన్నవాళ్ళ వీపు, దాని పైన ముందువాడి మెడ తప్ప ఇంకేమీ కనపడదు. అందుకని ముందువాడు ప్రతి గండాన్నీ పిలవాలి. మెట్టు పెద్దదైతే "ఎత్తు", బండ విరిగి ఉంటే "పగులు", నీళ్ళుంటే "తడి". వెనకవాడు "ఆ" అని బదులు చెప్పాలి. పిలవని మెట్టు మీద డోలీ జారితే తప్పు ముందువాడిది. పిలిచిన మెట్టు మీద జారితే వెనకవాడిది. ఆదిమూలం తీర్పులన్నీ ఈ ఒక్క కట్టుబాటు మీదే నడిచేవి. పంతొమ్మిదేళ్ళలో కుప్పయ్య ఒక్క మెట్టును పిలవకుండా వదిలింది లేదు. చదువన్నా ఆస్తన్నా ఆయనకు అదే.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కొండకు మోటారు రోడ్డు వేయడం మొదలైంది. పగలంతా బండలు పేల్చే చప్పుడు. ఒకనాటి సాయంకాలం ఆదిమూలం అందరినీ పిలిచి, నోట్లో తమలపాకు నములుతూ తాపీగా చెప్పాడు.

"రోడ్డు పడినాదంటే బస్సులొస్తాయి. ఇన్ని జతలకు పని యాడ తెచ్చేది? పది జతలు మిగిలితే ఎక్కువ. కాలు జారినోడికి మాత్రం బొంగు లేదు, ముందే సెబుతా ఉండా."

ఆ మాట అందరూ విన్నారు. విని, బీడీలు కాల్చుకుని, ఇళ్ళకు పోయి పడుకున్నారు. ఓబయ్య కూడా పడుకున్నాడు గానీ నిద్ర రాలేదు.

అది చిత్రమైన భయం. పగలు బొంగు భుజాన ఉన్నప్పుడు దాని జాడే ఉండేది కాదు. రాత్రి చాప మీద నడుం వాల్చి కళ్ళు మూయగానే కాలికింద మెట్టు లేనట్టు అనిపించి ఒళ్ళంతా ఉలిక్కిపడేది. లేచి కూర్చునేవాడు. జారితే బొంగు పోతుంది, బొంగు పోతే ఈ ఇల్లు పోతుంది, ఐరాలలో గానుగ ఏనాడో పోయింది, ఇక నాగులమ్మను వెంటబెట్టుకుని ఎక్కడికి పోవాలి? ఈ లెక్క ఒకసారి తేల్చుకుని పడుకుంటే సరిపోయేది కాదు, మళ్ళీ మొదటినుంచి వచ్చేది. సరిగ్గా అప్పుడు గోడ పైనుంచి కుప్పయ్య గురక.

"అదే మేస్త్రీ, అదే మాట, ఆయప్పా ఇన్నాడు గదా. ఆయప్పకెట్ల పడతాదే నిద్దర?" అన్నాడు పెళ్ళాంతో.

"ఆయప్ప కడుపులో సల్లగుండాది" అంది నాగులమ్మ. ఆమె మామూలుగానే అంది. ఓబయ్యకు మాత్రం సూది గుచ్చినట్టయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం గాలిగోపురం నీడలో డోలీ దించారు. కుప్పయ్య బండ మీద వెల్లకిలా పడుకున్నాడు. ఓబయ్య తాగిన నీళ్ళ ముంత కింద పెట్టేలోగా ఆయన నోరు తెరుచుకుంది. పైనుంచి బల్లి ఒకటి ఆయన పొట్టమీద పడి, అటూ ఇటూ చూసి, నింపాదిగా దిగిపోయింది. కుప్పయ్య కదలలేదు. ఓబయ్య పక్కన గొంతుక్కూర్చుని ఆ మొహాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఆయన పెళ్ళాం దేవకమ్మ మీద, ఆయన ఇంటి మీద ఏనాడూ పడని కన్ను ఆ తెరుచుకున్న నోటి మీద పడింది. ఇద్దరం ఒకే బరువు మోశాం, ఇద్దరికీ ఒకే గతి పట్టబోతోంది, ఈయనకు మాత్రం ఇంత సుఖం ఎవడిచ్చాడు అని పళ్ళు నూరుకున్నాడు.

నిద్రలేని మనిషికి సలహాలకు కరువుండదు. నాగులమ్మ శెట్టి అంగట్లో బతిమాలి గుప్పెడు గసగసాలు తెచ్చి, కొన్ని నూరి, మేకపాలలో కలిపి ఇచ్చింది. తాగితే కడుపు నిండింది గానీ కళ్ళు మూతపడలేదు. పుత్తూరునుంచి వచ్చిన ఆమె పెద్దమ్మ అక్కమ్మ జాజికాయ అరగదీసి నాకమంది. దానికి నిద్ర పట్టింది, నిజమే. కానీ ఆ మత్తు పొద్దెక్కినా వదలక, తల మీద తడి మూట పెట్టినట్టు ఉండి, మెట్టు మెట్టుకూ కాలు వెనకబడింది. "ఏందిరా ఓబా, ఎనక్కి లాగతా ఉండావు?" అని కుప్పయ్య ముందునుంచి అరిచాడు. జాజికాయ ఆ రోజుతో సరి. కల్లు తాగితే పడుతుంది, అది అందరికీ తెలిసిందే. కల్లు వాసన వచ్చినవాణ్ణి ఆదిమూలం బొంగు తాకనివ్వడు, అదీ అందరికీ తెలిసిందే.

చివరికి ధర్మాసుపత్రికి పోయాడు. అక్కడి కాంపౌండరు ఒక సీసాలో నీళ్ళలాంటి మందు పోసి, సీసాకు గీతలు కత్తిరించిన కాగితం అంటించి, రాత్రికి ఒక గీత తాగమన్నాడు. ఉప్పగా ఉందది. మొదటి రాత్రి బాగానే పడుకున్నాడు. తెల్లారి మోస్తుంటే మాత్రం కుప్పయ్య "తడి" అని పిలిచిన పిలుపు చెవిలో పడి, మనసుకు అందడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. "ఆ" అనేసరికి కాలు నీళ్ళలోనే ఉంది. వెనక కొమ్ము పట్టేవాడికి ఆ ఒక్క క్షణమే ప్రాణం. అందుకని సీసాను దూలం మీద జాజికాయ పక్కన పెట్టేశాడు. ఒక మందుకు నిద్ర రాదు, ఇంకొక దానికి వచ్చిన నిద్ర పోదు. డోలీ మోసేవాడికి సరిపడే మందును ఏ దేవుడూ పుట్టించినట్టు లేదు.

సిగ్గు విడిచి కుప్పయ్యనే అడిగాడు.

"అన్నా, నువ్వేం తింటావు నిద్దరకు?"

కుప్పయ్య పగలబడి నవ్వాడు. "నిద్దరకు మందేందిరా? పండుకుంటే అదే వస్తాది."

ఆయన దాచింది ఏమీ లేదు. కానీ ఓబయ్య ఆ నవ్వును ఇంటికి మోసుకెళ్ళాడు. చెప్పడం ఇష్టంలేక అలా నవ్వాడని తేల్చుకున్నాడు. పది జతలే మిగిలేటప్పుడు ఎవడి గుట్టు వాడు దాచుకోడా? ఏదో ఉంది, ఆ ఇంట్లో ఏదో వాడుతున్నారు, నా ఒక్కడికీ చెప్పడం లేదు. ఇలా అనుకునేసరికి భయానికి తోడు కోపం కూడా చాప మీదికి వచ్చింది. ఇక నిద్ర సంగతి చెప్పాలా!

గుట్టు తేల్చింది నాగులమ్మ. "దేవకమ్మొదిన వారం వారం ఆముదం పోయించుకోని వస్తా ఉండాది. తలకు రాసుకోదు. ఒంటికీ రాసుకోదు. మరి అంత ఆముదం ఏమి సేస్తాదంటావు?"

ఓబయ్య గబుక్కున లేచి కూర్చున్నాడు. ఇంకేం చేస్తుంది? మొగుడి అరికాళ్ళకు మర్దనా చేస్తుంది. అరికాలికి ఆముదం రాస్తే కళ్ళు చల్లబడి నిద్ర ముంచుకొస్తుందని పసిపిల్లలకు కూడా తెలుసు. ఇన్నాళ్ళూ తనకు తట్టకపోవడానికి కారణం కూడా ఉంది. డోలీ మోసేవాళ్ళు పాదాలకు నూనె తగలనివ్వరు. తలంటి పోసుకున్న రోజున కూడా బూడిద పెట్టి పాదాలు తోముకుని, మరునాడు పనికి పోరు. వాళ్ళ కాళ్ళు బండను పట్టుకునే కాళ్ళు.

"అందురూ పాటించే కట్టుబాటు ఆ ఇంట్లో లేదన్నమాట" అన్నాడు ఓబయ్య. కుప్పయ్య కట్టుబాటు తప్పుతున్నాడన్న ఊహ అతనికి ఎంత తీపిగా ఉందో! ఆయన తప్పగా లేనిది నేను తప్పితే ఏం?

ఆ రాత్రి నాగులమ్మ వెచ్చచేసిన ఆముదంతో రెండు అరికాళ్ళూ అరగంట సేపు రుద్దింది. ఓబయ్య పాదాలనిండా వేలు పట్టే పగుళ్ళు. ఆ పగుళ్ళు ఆముదాన్ని తాగాయి. తల తిరిగిపోయేంత హాయిగా ఉంది. కుప్పయ్య గురక మొదలైందో లేదో కూడా ఓబయ్య వినలేదు. కోడి కూసి, కాకులు అరిచి, నాగులమ్మ భుజం పట్టి కుదిపితే గానీ లేవలేదు. మూడు నెలల నిద్ర ఒక్క రాత్రిలో తీరింది. బూడిదతో పాదాలు గరగరలాడేదాకా తోముకున్నాడు, బండ మీద తొక్కి చూసుకున్నాడు. పట్టు బాగానే ఉంది. కుప్పయ్య ఎదురొచ్చి, "ఏమిరా, మొగం కళకళలాడతా ఉండాది?" అంటే, నీ గుట్టు నాకు దొరికిందిలే అన్నట్టు నవ్వాడు.

ఆ రోజు ఎక్కింది మదరాసునుంచి వచ్చిన ఒక బక్క ముసలమ్మ. గాలిగోపురం దాకా డోలీ హాయిగా సాగింది. ఎండ ఎక్కింది. మోకాళ్ళమిట్ట దగ్గర మెట్లు ఎత్తుగా, నిటారుగా ఉంటాయి. బండ కాలుతోంది. చెమట పట్టింది. పైపైన తోమిన బూడిద పగుళ్ళలోకి దిగలేదు. లోపల దాగిన ఆముదం వేడికి కరిగి మెల్లగా బయటికి వచ్చింది. ఓబయ్యకు పాదం కింద ఏదో తేడాగా తోచింది.

"పగులు" అని పిలిచాడు కుప్పయ్య.

"ఆ" అన్నాడు ఓబయ్య.

పగులును దాటి, దాని పక్కనే సాపుగా ఉన్న బండ మీద కాలు పెట్టాడు. కాలు నిలవలేదు. బొంగు వెనక్కి జారింది. కిందికి పోతున్న బరువునంతా కుప్పయ్య ఒక్కడే, మోకాలు బండకు ఆనించి, ఆపాడు. ముసలమ్మ కుర్చీతో సహా ఒక పక్కకు ఒరిగి, రెండు గాజులు పగిలి, అరవంలో అందరినీ తిట్టింది. ఆమెకు ఇంకేమీ కాలేదు. కుప్పయ్య మాత్రం మళ్ళీ లేవలేదు. మోకాటి చిప్ప పక్కకు జరిగిపోయింది.

జనం మూగేలోగా ఓబయ్య ఒక పని చేశాడు. బండ మీద మెరుస్తున్న తన కాలి ముద్రను భుజం మీద తువ్వాలుతో తుడిచేశాడు.

కుప్పయ్యను అదే డోలీలో కిందికి దించారు. తాను ఎప్పుడూ ఎక్కని కుర్చీలో కూర్చుని, నొప్పికి పెదవి కొరుక్కుంటూ, ఆయన వెనక్కి తిరిగి, వెనక కొమ్ము పట్టిన ఓబయ్యను అడిగాడు.

"ఒరే ఓబా, నేను పిలిసినానా?"

పిలిచినావన్నా అంటే బొంగు పోతుంది. పది జతల్లో తాను లేడు. ఆ ఇల్లు, నాగులమ్మ, ఐరాలలో ఆగిపోయిన గానుగ, రోజూ రాత్రి చాప మీద తేల్చుకునే లెక్కంతా ఒక్కసారిగా పట్టపగలే ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాకు ఇనబళ్ళేదన్నా" అన్నాడు.

కుప్పయ్య ముందుకు తిరిగాడు. "నువ్వు ఆ అన్నట్టే నా సెవిలో ఉండాదే!" అని తనలో తాను అనుకున్నాడు. ఆదిమూలం వచ్చి అడిగితే, "నేనే పిలవలేదు మేస్త్రీ, ఓబయ్య తప్పు లేదు" అన్నాడు. తీర్పు అయిపోయింది.

పుత్తూరు ఎముకల వైద్యుడి దగ్గరకు తీసుకుపోయి కట్టు కట్టించారు. నెలన్నర కాలు కదపకూడదన్నారు. కాలు బాగుపడినా కుప్పయ్యకు ఇక బొంగు లేదని ఆదిమూలం చెప్పేశాడు. ఓబయ్యకు తిరుమలయ్య అనే ఇంకొక ముందుకొమ్మును జత చేశాడు. పలక పెడితే చెంబు కొంచెం ఒరిగింది గానీ, సర్దుకోమన్నాడు.

ఇక ఓబయ్యకు ఎలా ఉండాలి? తప్పు చేసినవాడు, అబద్ధం ఆడినవాడు, ఉన్న కాస్త నిద్రా పోయి పిచ్చెత్తిపోవాలి కదా. పోలేదు. ఆశ్చర్యం, ఓబయ్య శుభ్రంగా నిద్రపోయాడు. ఆముదం లేదు, గసగసాలు లేవు, గీతల సీసా లేదు. తలవాల్చడం, తెల్లారడం. వారం రోజులు అలాగే గడిచాయి. "అక్కమ్మ పెద్దమ్మ జాజికాయ ఇప్పుడు పని సేసినట్టుండాది" అని నాగులమ్మ సంబరపడింది. ఓబయ్యకు కూడా ఏది పని చేసిందో తెలియలేదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు.

ఎనిమిదో రోజు సాయంకాలం దేవకమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళ కింద నల్లగా అయిపోయింది.

"ఓబయ్యా, మీ ఇంట్లో నిద్దర మందులుండాయంట గదా. ఏదన్నా ఒకటియ్యి. మా ఆయప్ప కన్ను మూసి వారమైపాయె."

ఓబయ్య చేతిలో సంగటి ముద్ద ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది అతనికి. వారంగా గోడ పైనుంచి గురక రావడం లేదు. ఆ గురక లేని నిశ్శబ్దంలోనే తాను హాయిగా పడుకుంటున్నాడు. పక్కింటివాడు మేలుకుని ఉండడమే తనకు సరిపడిన మందు. దాని కోసమేనా మూడు నెలలు ఊరంతా తిరిగింది? తన మీద తనకు రోత పుట్టింది.

లేచి దూలం మీద చెయ్యి పెట్టాడు. ఏది ఇవ్వాలో ఎంచుకోవడం తనకొచ్చినంతగా ఆ వరుసలో ఎవరికీ రాదు. గసగసాలు ఉత్త పాలరుచి. జాజికాయ మత్తు, కానీ కుప్పయ్య ఇప్పుడు మోసేదేముంది, మత్తుగా ఉంటే మాత్రం ఏం? గీతల సీసా ఇస్తే మంచం దిగేటప్పుడు తూలి కట్టు కదులుతుందేమో. ఇలా ఒక్కొక్కటీ చేత పట్టుకుని తూచి, చివరికి జాజికాయ ముక్కా మిగిలిన గసగసాలూ పొట్లం కట్టి ఇచ్చాడు. నాగులమ్మ లోపలినుంచి, "అదంతా ఎందుకొదినా, నీ ఆముదం ఉండాది గదా, అరికాళ్ళకు రుద్దరాదా?" అంది.

"ఆముదమా? అది దీపంలోకమ్మా. కిరసనాయిలు యాడ దొరకతా ఉండాది? డోలీ మోసేటోడి కాళ్ళకు ఎవురన్నా నూనె రాస్తారా?" అంది దేవకమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు ఏ అనుమానమూ లేదు. పొట్లం కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. నాగులమ్మ ఓబయ్య మొహంలోకి చూసి, గబగబా పొయ్యివైపు తిరిగింది.

మందులు పని చేయలేదు. మూడో రాత్రి దాకా ఓబయ్య చెవులు రిక్కించి విన్నాడు. ఆ రాత్రి గురక బదులు గోడ పైనుంచి సన్నగా మాట వినవస్తోంది.

"ఎత్తు... ఎత్తు... తడి... ఎత్తు..."

కుప్పయ్య చీకట్లో మంచం మీద పడుకుని కొండ ఎక్కుతున్నాడు. అలిపిరినుంచి ఒక్కొక్క మెట్టే పిలుచుకుంటూ పోతున్నాడు. మోకాళ్ళమిట్ట దగ్గర, ఆ మెట్టు దగ్గరకు రాగానే ఆగిపోతాడు. మళ్ళీ అలిపిరినుంచి మొదలు. పిలిచానా లేదా అని తనను తానే పరీక్ష పెట్టుకుంటున్నాడు. పంతొమ్మిదేళ్ళు ఆ గొంతును నమ్మి ఓబయ్య కాలు ముందుకు వేశాడు. ఆ గొంతు ఇప్పుడు తనను తానే నమ్మడం మానేసింది.

ఓబయ్య దుప్పటి ముసుగు పెట్టాడు. ముసుగులోనూ వినపడింది. అడ్డపంచె చెవుల్లో కుక్కుకున్నాడు. అయినా ఏ మెట్టు తరువాత ఏ మెట్టో అతనికీ తెలుసు కనక, వినపడకపోయినా లోపల నడుస్తూనే ఉంది. నాలుగో రాత్రీ అంతే. అయిదో రాత్రి కుప్పయ్య ఎన్నోసారో ఎక్కుతూ ఎక్కుతూ ఈసారి ఆగలేదు. అలసిపోయిన గొంతుతో, ఇంక ఏదైతే అదైందన్నట్టు పిలిచాడు.

"పగులు."

"ఆ" అన్నాడు ఓబయ్య.

అది అతను అనుకుని అన్నది కాదు. పంతొమ్మిదేళ్ళ అలవాటు నోరు తెరిచి అనేసింది. పక్కన నాగులమ్మ లేచి కూర్చుంది.

"ఓబా" అన్నాడు కుప్పయ్య. "మేలుకోనుండావా?"

"ఉండానన్నా."

"ఆ యేళ గూడా ఇట్నే అంటివి గదరా నువ్వు?"

నాగులమ్మ అతని ముంజేయి పట్టుకుంది. వద్దన్నదో చెప్పమన్నదో చీకట్లో తెలియలేదు. పది జతలు, ఇల్లు, గానుగ, అంతా మళ్ళీ కళ్ళముందు తిరిగింది. ఓబయ్య గోడ దగ్గరకు జరిగి, వీపు ఆనించి కూర్చున్నాడు. మొహం చూసి చెప్పలేకపోయేవాడు. గోడకు చెప్పగలిగాడు.

"నువ్వు పిలిసినావన్నా. నేను ఇన్నాను. నీ తప్పు లేదు. ముందురోజు రేతిరి కాళ్ళకు ఆముదం రాపించుకున్నా. నీ మాదిరి నిద్దర పట్టాలని రాపించుకున్నా. బండ మింద నూనె మరక గూడా నేనే తుడిసేసినా. నీ నిద్దర సూసి ఓర్వలేకపోయినానన్నా."

కుప్పయ్య తిడతాడని కాచుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. మంచం కిర్రుమంది. కాలికి కట్టుతో ఉన్న మనిషి లేచి రాలేడు, లేకపోతే వచ్చి గొంతు పిసికేవాడేమో. దేవకమ్మ గొంతు మాత్రం వినపడింది. "ఇన్నావా? ఏమన్నా అనవయ్యా. ఇంత సేసినోణ్ణి ఒక్క మాటన్నా అనవా?"

ఒక నిట్టూర్పు వచ్చింది. పొడుగ్గా, బొంగు భుజం మీదినుంచి దించినప్పుడు వచ్చేటటువంటిది. దాని వెనకే ఇంకొకటి. మూడోది నిట్టూర్పు కాదు. గొంతులో చిన్నగా గురగురమని మొదలై, నిదానంగా పెరిగి, గోడ మీది ఖాళీ అంతా నిండిపోయింది.

కుప్పయ్య నిద్రపోయాడు. కాలు పోయింది, పని పోయింది, నమ్మినవాడు మోసం చేశాడని ఇప్పుడే తెలిసింది. అన్నీ పక్కన పెట్టి, నేను పిలిచాను అన్న ఒక్క మాట తలకింద పెట్టుకుని నిద్రపోయాడు.

"ఓబయ్యా" అంది దేవకమ్మ, మొగుడికి మెలకువ రాకుండా గొంతు తగ్గించి. "తెల్లారినాక మేస్త్రీ కాడికి పోతా. నువ్వొస్తే నువ్వే సెప్పు. రాకపోతే నేను సెబుతా."

"నేనే సెబుతానొదినా" అన్నాడు ఓబయ్య.

నాగులమ్మ లేచి, దూలం మీద మిగిలిన గీతల సీసా తీసి అతని పక్కన పెట్టి పడుకుంది. రేపటినుంచి మెట్టెక్కే పని లేదు, ఇప్పుడు తాగినా ఫరవాలేదు. ఓబయ్య సీసాను చేత్తో తడిమాడు గానీ మూత తీయలేదు. ఆ గోడకే వీపు ఆనించి కూర్చున్నాడు. అటు పక్క, ఆ గోడకే ఆనుకుని ఉన్న మంచం మీద, ఆ మనిషి హాయిగా గురక పెడుతున్నాడు. తెల్లారితే తన బతుకు ఏమవుతుందో అని భయపడవలసిన సమయంలో, ఆ గురక వింటూ ఉంటే ఓబయ్యకు సిగ్గులేకుండా మళ్ళీ కడుపు మండింది.